మూడు వేళ్ళ కన్ను

సూళ్ళూరుపేట బజార్లో నా కొట్టు.
వలలు కిలోల లెక్కన అమ్ముతాను,
తాళ్ళు, సీసపు గుళ్ళు, తెల్ల బెండ్లు కూడా.
పులికాట్ నాకు తూకంలోనే తెలుసు,
ఆ నీళ్ళలో మోకాలి దాకా కూడా దిగినవాణ్ణి కాను.

ఇరకం దీవి నుంచి ఏకాంబరం వచ్చేవాడు
పడవ దిగి, బస్సెక్కి,
ఉప్పుకి తెల్లబడ్డ కాళ్ళతో.
ముందు ధర అడిగేవాడు కాదు.
వలకన్నులోకి మూడు వేళ్ళు కలిపి దూర్చేవాడు.
దూరితే, "ఇయ్యి."
దూరకపోతే మళ్ళీ చాపలా చుట్టి
నా ఒళ్ళోనే పెట్టేవాడు.
"పిల్లది పోవాల గదయా,
పోతేనే గదా తల్లయి తిరిగొచ్చేది."

వాళ్ళ ఊళ్ళో పాడు ఉండేది.
ఏ పొద్దు ఏ ఇంటి వల ఏ నీళ్ళలో పడాలో
చీటీలు తీసి పంచుకునే వంతు.
వంతు లేని రోజు వల ఎండలో ఉండేది,
నీళ్ళకి ఊపిరాడేది.
ఆ మాటకి రెండో అర్థం ఉందని
అప్పట్లో ఎవరికీ తట్టలేదు.

తర్వాత నేనే తెప్పించాను మద్రాసు నుంచి
రెండు వేళ్ళ కన్ను.
ఆ తర్వాత ఒక వేలు.
ఆ తర్వాత బియ్యపు గింజ దూరని నీలివల,
దోమతెర లాంటిది, బేళ్ళకి బేళ్ళు.
దాంట్లో వేలు పెట్టి చూసేవాళ్ళెవరు?
మొగ దగ్గర ఇసుక మేట వేసి
పోటునీళ్ళు సన్నగిల్లిన ఏడు
అదే ఎక్కువ పోయింది.
చేప తగ్గేకొద్దీ కన్ను చిన్నదయింది,
కన్ను చిన్నదయ్యేకొద్దీ...
లెక్క నాకు తెలుసు, కొట్టువాణ్ణి.

తడ రోడ్డు పక్కన ఆరబోసినవి చూశాను:
గోరంత రొయ్యలు,
కళ్ళు మాత్రమే వచ్చిన కత్తిపరిగెలు,
పేరు పెట్టేంత పెరగనివి,
వాటితోపాటు పెరికొచ్చిన నాచు పీచులు.
కోళ్ళ మేతకి లారీ వస్తుంది.
టిఫిన్‌లో గుడ్డు నీచు కొడితే
ఆ పూట నేనెవరితోనూ మాట్లాడను.

ఫ్లెమింగోలదీ జల్లెడే.
తలకిందులుగా బురదలో ముక్కు పెట్టి
నా నీలివల కంటే సన్నంగా వడగడతాయి.
కడుపు నిండాక ముక్కు తీస్తాయి, అంతే తేడా.

తుపాకుల అంకమ్మకి వల లేదు, ఎప్పుడూ లేదు.
నడుంలోతు నీళ్ళలో గొంతుక్కూచుని
తాటాకు బుట్ట పళ్ళతో కరుచుకుని
బురద తడిమి రొయ్యల్ని పడుతుంది.
నోట బుట్ట కాబట్టి పనిలో మాటల్లేవు.
గుడ్ల ఎండ్రకాయ తగిలితే వేళ్ళకే తెలుస్తుందట,
వదిలేస్తుంది.
"చేతికి కళ్ళుంటాయి సామీ" అంది ఓసారి,
రోడ్డు మీద రొయ్యలమ్ముతూ,
"నీ వలకి ఉండేది బొక్కలే గదా."

మొన్న కార్తీకంలో ఆమె నా మెట్టెక్కింది.
మొదటిసారి.
కొంగుముడి విప్పి నూటముప్పై రూపాయలు
బల్ల మీద పెట్టింది, తడి నోట్లు.
"ఆ నీలిది, దీనికెంతొస్తే అంత."
"నీకెందుకు?"
"మూడు పొద్దులు తడివినా.
బురద తప్ప చేతికేం తగల్లా."

నేను ఆ వలకట్ట మీదే కూచుని ఉన్నాను.
"స్టాకు లేదు" అన్నాను.
ఆమె కట్ట వైపు చూసింది, నా మొహం చూసింది,
నోట్లు ఒక్కొక్కటే ఏరుకుంది
అలవాటైన చేత్తో.
ఎదురుకొట్టు మునిరత్నం
అరకిలో తూచడం
ఇక్కణ్ణించే కనపడింది.

రాత్రి షట్టర్ సగం దించి
ఆ కట్ట విప్పి చిటికెనవేలు దూర్చి చూశాను.
గోరు కూడా పోలేదు.

మద్రాసు సేటుకి ఫోన్ చేశాను.
"చెప్పండి, ఏ కన్ను పంపమంటారు?"
వెనక లారీలో సరుకెత్తే చప్పుడు.
చీకట్లో మూడు వేళ్ళు కలిపి పైకెత్తాను.
"హలో" అంటున్నాడు అవతల,
"హలో, వినపడుతోందా?"